లైన్ సూపర్‌వైజర్ల ఎంపికకు పర్సనాలిటీ టెస్ట్: కటాఫ్ ఎంత పెట్టాలి?

తిరుపతి–చిత్తూరు ఉద్యోగాల వేదిక » హెచ్‌ఆర్, ఎంపిక పద్ధతులు

రేణిగుంట_గేటు | సోమవారం ఉదయం 10.20

అందరికీ నమస్కారం. రేణిగుంట పక్క ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ యూనిట్‌కి లైన్ సూపర్‌వైజర్లు 6 మంది కావాల. అర్జీలు 140 వచ్చినాయి. జాస్తి మంది డిప్లొమా, బీటెక్ చేసిన పిల్లోళ్లు. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, చంద్రగిరి పక్కలోళ్లు. ఒక ఏజెన్సీ ఆన్‌లైన్ పర్సనాలిటీ టెస్ట్ ఇస్తామంటోంది. 20 నిమిషాల టెస్టు. మనుషులు 16 రకాలంట, ఎవరు ఏ రకమో చెప్పి, ఆఖర్లో ‘ఫిట్ 78 శాతం’ అని ఒక అంకె ఇస్తుందంట. 60కి తక్కువొచ్చినోళ్లను ఇంటర్వ్యూకే పిలవద్దంటాండారు.

వాడొచ్చా? కటాఫ్ 60 సరైనదేనా? తెలుగులో పెట్టాల్నా, ఇంగ్లిష్‌లోనా? తెలిసినోళ్లు రవ్వంత వివరంగా చెప్పండి.

మోడరేటర్ | 10.31

ఏజెన్సీల పేర్లు, అర్జీదారుల వివరాలు ఇక్కడ రాయొద్దు. పద్ధతి వరకే చర్చ.

స్కోర్‌షీట్ | 11.05

ముందు ఆ 16 రకాల సంగతి. కార్ల్ యూంగ్ 1921లో రాసిన సిద్ధాంతాన్ని పట్టుకొని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ తయారుచేసిన మయర్స్–బ్రిగ్స్ పద్ధతి అయ్యుండాలి, లేకుంటే దాని నకలు. ఆ టెస్టును ప్రచురించే సంస్థే దీన్ని ఉద్యోగాల ఎంపికకు వాడొద్దని చెబుతోంది. సరుకు తయారుచేసినవాళ్లే వద్దంటుంటే నడిమి ఏజెన్సీ వాడమంటోంది. అక్కడే అనుమానం రావాలి.

దోషం ఎక్కడుందంటే, కలుపుగోలుతనం లాంటి గుణం మనిషి ఎత్తు లాంటిది. మరీ పొడుగు, మరీ పొట్టి కొందరే, మిగతా జనమంతా నడిమధ్య. ఈ టెస్టు ఆ నడిమధ్యనే గీత గీస్తుంది. 51 వచ్చినాయన ఒక రకం, 49 వచ్చినాయన ఇంకో రకం. ఆ రెండు మార్కుల తేడా అలసటలో కొట్టిన ఒక టిక్కు వల్ల కూడా రావచ్చు. ఈ టెస్టు ఒక్కో రకానికి నాలుగు అక్షరాల పేరు పెడుతుంది. అదే మనిషి కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే ఆ నాలుగు అక్షరాల్లో ఒకటి మారిపోవడం మామూలే.

ఇక ‘ఫిట్ 78 శాతం’. దేనితో పోల్చి 78? సాధారణంగా ఒక ‘ఆదర్శ ప్రొఫైల్’ రాసుకొని, అభ్యర్థి గీత దానికి ఎంత దగ్గరుందో లెక్కేస్తారు. ఆ ఆదర్శం ఎవరి మీద కట్టారో అడగండి. ‘మంచి సూపర్‌వైజర్లు 12 మందికి టెస్టు పెట్టి సగటు తీశాం’ అంటే అది చాలదు. పనిలో వెనకబడిన సూపర్‌వైజర్లకూ అదే టెస్టు పెట్టారా? వాళ్లకూ అవే మార్కులొస్తే ఆ గుణానికీ మంచి పనికీ లంకె లేనట్టే.

చిలకపంజరం | 11.18

ఆర్టీసీ బస్టాండు బయట చిలకతో కార్డు తీయిస్తే ఇంతకన్నా చౌక 🙂

ఊరికే అనడం లేదు. 1948లో బెర్ట్‌రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులకు ఒక టెస్టు పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు అన్నట్టు ఒక్కో కాగితం ఇచ్చాడు. అందరి కాగితంలోనూ ఉన్నది ఒకే రాత. ‘ఇది నాకు ఎంత సరిపోయింది’ అని 5కి మార్కులేయమంటే సగటు 4.26 వచ్చింది. రిపోర్టు చదివి ‘అబ్బ, కరెక్టుగా చెప్పిందే’ అనిపించడం టెస్టు బాగుందనడానికి రుజువు కాదు. ఏజెన్సీ డెమోలో మేనేజరు గారికే టెస్టు పెట్టి రిపోర్టు చేతికివ్వడం ఈ కిటుకే.

రేణిగుంట_గేటు | 11.40

సరే సామీ, 16 రకాలు వద్దు. అట్లయితే ఏ టెస్టూ వద్దా? మా మేనేజరు ఏదో ఒకటి పెట్టాల్సిందే అంటాండాడు.

స్కోర్‌షీట్ | మధ్యాహ్నం 12.25

వద్దనడం లేదు. ఏ పనికి, ఎంత బరువిచ్చి వాడుతున్నామన్నదే లెక్క.

పరిశోధన బలం ఉన్నది ఐదు గుణాల నమూనాకు, అదే బిగ్ ఫైవ్: కొత్తదాని మీద ఆసక్తి, పనిలో నిష్ఠ, కలుపుగోలుతనం, సర్దుబాటు గుణం, కలవరపడే స్వభావం. ఇందులో రకాలుండవు, ఒక్కో గుణానికి ఒక కొలబద్ద ఉంటుంది. 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పని తీరుతో లంకె నిలకడగా కనిపించింది పనిలో నిష్ఠకే. కలుపుగోలుతనం అమ్మకాలు, మేనేజర్ పనుల్లో కొంత పనికొచ్చింది.

కానీ ఆ లంకె బలం ఎంతో చూడండి. 2022లో పాల్ శాకెట్ బృందం వేసిన లెక్కల్లో సప్రమాణత, అంటే ఆ లంకె బలం, ఇట్లా ఉంది: ప్రశ్నలు ముందే ఖాయం చేసుకొని అందరినీ ఒకే తీరున అడిగే ఇంటర్వ్యూకు 0.42, ఆ పనికి సంబంధించిన జ్ఞాన పరీక్షకు 0.40, పని చేయించి చూసే పరీక్షకు 0.33, పనిలో నిష్ఠ మార్కుకు 0.19. ఈ అంకెను వర్గం చేస్తే మనిషికీ మనిషికీ పనిలో కనిపించే తేడాలో ఆ కొలత ఎంత భాగం చెప్పగలదో తెలుస్తుంది. 0.19ని వర్గం చేస్తే 0.036, నూటికి నాలుగు పాళ్ల లోపు. 0.42 అయితే పదిహేడున్నర పాళ్లు. నాలుగు పాళ్లు చెప్పే కొలతను ముందు గేటులో నిలబెట్టి, పదిహేడు పాళ్లు చెప్పేదాన్ని లోపలే ఆపేస్తున్నారన్న మాట.

కటాఫ్ సంగతి సాయంత్రం రాస్తా. అది పొడుగు.

బ్లాక్‌బోర్డు_డీఎస్సీ | 1.10

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. డీఎస్సీ పుస్తకాల్లో పర్సనాలిటీని మూర్తిమత్వం అంటాం. స్కోర్‌షీట్ గారు రాసినవి శోధికలు, అంటే ప్రశ్నావళులు. సిరా మరకల్లో ఏం కనిపిస్తుందో చెప్పించే రోర్షా, బొమ్మ చూసి కథ చెప్పించే టీఏటీ లాంటివి ప్రక్షేపక పరీక్షలు. రోర్షాలో 10 కార్డులుంటాయి. వాటిని పెట్టడానికీ, స్కోరు చేయడానికీ శిక్షణ పొందిన మనస్తత్వవేత్త కావాలి. ఎవరైనా ‘రోర్షా యాప్’ అని తెస్తే దండం పెట్టి పంపేయండి.

ఎమ్ఎమ్‌పీఐ కూడా ఉద్యోగాలకు వాడొచ్చని కొందరు అంటారు. అది సరైనదేనా?

స్కోర్‌షీట్ | 1.32

కాదు. ఎమ్ఎమ్‌పీఐ 1943లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మానసిక రోగ నిర్ధారణ కోసం పుట్టింది. రెండో రూపంలో 567 ప్రశ్నలున్నాయి. 2005లో అమెరికాలో ఏడో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని వైద్య పరీక్షగానే లెక్కగట్టింది. లైన్ సూపర్‌వైజర్ అర్జీదారుడి మానసిక ఆరోగ్యం తవ్వడం ఫ్యాక్టరీ పని కాదు.

తోతాపురి | 3.05

చిత్తూరు పక్క మామిడి పల్ప్ ఫ్యాక్టరీల సంగతి చెప్తా. జూన్, జూలైలో కాయ దిగేటప్పుడు సీజన్ కూలీలకు ఈ టెస్టులు పెట్టడం దండగ. కాయ ఏరడం, కడగడం, కోత దగ్గర చేతి వేగం, గ్లోవ్స్–టోపీ నియమం, షిఫ్టుకు టైముకు రావడం, ఇంతే చూడాల. అరపూట పని చేయించి చూస్తే తెలిసిపోయే దానికి 120 ప్రశ్నలెందుకు? ఆ అరపూట కూలి మాత్రం ఇచ్చేయాల. ‘ట్రయల్’ అని చెప్పి ఎగ్గొట్టకూడదు.

సూపర్‌వైజర్‌కి పెట్టొచ్చు. కాకుంటే అసలు తంటా భాషతో. ఇంగ్లిష్ ప్రశ్నను మాటకు మాట దించితే ఏమయితుందో ఒక ఉదాహరణ. బిగ్ ఫైవ్ ఉచిత ప్రశ్నల్లో కలుపుగోలుతనానికి ఒకటుంది. దాన్ని దించితే ‘నేను పార్టీకి ప్రాణం’ అని వస్తుంది. మన దగ్గర పార్టీ అంటే ఏందో అందరికీ తెలిసిందే. పుత్తూరు పిల్లోడు దాన్ని చదివి ‘వీళ్లు మా నాయన ఏ పార్టీయో కనుక్కుంటాండారు’ అనుకొని గమ్మున నడిమి గడిలో టిక్కు కొడతాడు. ఆయనకు కలుపుగోలుతనం మధ్యస్థం అని రిపోర్టు!

మాటకు_మాట | 3.40

తోతాపురి అన్న చెప్పింది నిజం. దానికన్నా పెద్ద తంటా లేదు-కాదు వాక్యాలతో. ‘నేను పనులు వాయిదా వేయను’ అన్న వాక్యానికి ఎదురుగా ‘ఒప్పుకోను’ అన్న గడి ఉంటుంది. వాయిదా వేసేవాడు ‘ఒప్పుకోను’ కొట్టాలి. లేదుకు లేదు కలిసేసరికి సగం మంది తికమకపడి తలకిందులుగా కొడతారు. తెలుగులో ఇట్లా రాయాలి: ‘ఈరోజు చేయాల్సిన పనిని రేపటికి నెట్టేస్తుంటాను’. గడులు ‘ఒప్పుకుంటాను–ఒప్పుకోను’ కాకుండా ‘ఎప్పుడూ కాదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, దాదాపు ఎప్పుడూ’ అని పెడితే ఇంకా సుళువు. కాకపోతే గడులు మారిస్తే పాత సగటులు పనికిరావు. అది గుర్తుంచుకోవాలి.

ఇంకోటి, ‘నేను’ అని మొదలయ్యే వాక్యాలు 120 వరసగా ఉంటే చదివేవాడికి విసుగు. తెలుగులో క్రియే చెబుతుంది ఎవరో. ‘చెప్పిన టైముకు పని ముగిస్తాను’ అంటే చాలు.

తెలుగు చేసే క్రమం: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, కూర్చొని ఒకటి చేయాలి. ఇంగ్లిష్ మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తిప్పాలి. తేడా వచ్చిన వాక్యాలు మళ్లీ రాయాలి. ఆ తర్వాత అసలు మెట్టు, చాలామంది వదిలేసేది: అర్జీదారుల లాంటివాళ్లు 8–10 మందిని కూర్చోబెట్టి ఒక్కో వాక్యం చదివించి ‘నీకేం అర్థమైంది, ఏ గడి ఎందుకు కొట్టావు’ అని నోటితో చెప్పించాలి. వీళ్లు అర్జీ పెట్టినవాళ్లు కాకూడదు. ‘కలత’, ‘ఉద్వేగం’, ‘సృజనాత్మక’ లాంటి పుస్తకాల మాటలు అక్కడే రాలిపోతాయి. ‘కలత’ అంటే నిద్ర పట్టకపోవడమా, ఏడుపా, కోపమా అని ముగ్గురు మూడు చెబితే ఆ వాక్యం తీసేయాల్సిందే.

తోతాపురి | 3.52

‘అవును సార్’ జబ్బు కూడా చేర్చు. ఉద్యోగం ఇచ్చే చోట అన్నిటికీ ఒప్పుకుంటా అని కొట్టేది అలవాటు.

స్కోర్‌షీట్ | సాయంత్రం 6.15

ఆ జబ్బుకే ప్రతి గుణానికీ సగం ప్రశ్నలు తలకిందులుగా రాస్తారు. ‘వస్తువులు ఎక్కడివక్కడ పెడతాను’ అని ఒకటి, ‘పని అయ్యాక సామాను అక్కడే వదిలేస్తుంటాను’ అని ఇంకొకటి. రెండింటికీ 5 కొట్టినవాడు చదవలేదని తెలుస్తుంది. స్కోరు చేసేటప్పుడు తలకిందుల ప్రశ్న మార్కును 6లోంచి తీసేయాలి. 5 కొడితే 1, 4 కొడితే 2. ఎక్సెల్‌లో సొంతంగా స్కోరు చేసేవాళ్లు జారిపోయేది ఇక్కడే. తిప్పడం మరిచిపోతే అందరికీ మార్కులు నడిమధ్యకొచ్చి కూర్చుంటాయి, ఆల్ఫా విలువ (ఒక గుణం ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) అడుగుకు పడిపోతుంది, ఒక్కోసారి సున్నా కిందికి కూడా పోతుంది. ఆల్ఫా 0.7కన్నా తక్కువగా ఉంటే టెస్టును తిట్టేముందు తిప్పాల్సిన ప్రశ్నలు తిప్పారా అని చూసుకోండి.

ఇప్పుడు కటాఫ్. గేటు గారూ, రెండుసార్లు చదవండి.

చాలా రిపోర్టుల్లో మార్కు టీ-స్కోరుగా ఇస్తారు: సగటు 50, విచలనం 10. టెస్టు విశ్వసనీయత, అంటే మార్కు ఎంత నిలకడగా వస్తుందన్నది, 0.84 అనుకుందాం, అది మంచి టెస్టే. కొలత దోషం = 10 × √(1 − 0.84) = 10 × 0.4 = 4. అంటే రిపోర్టులో 50 అని ఉంటే అసలు మార్కు 46కూ 54కూ మధ్య ఉండే అవకాశం మూడింట రెండొంతులు. నూటికి 95 పాళ్ల నమ్మకం కావాలంటే 42 నుంచి 58 దాకా చాచాలి.

పర్సంటైల్‌లోకి, అంటే నూటికి ఎందరికన్నా పైనున్నారన్న లెక్కలోకి, మారిస్తే ఇంకా భయంకరం. టీ-స్కోరు 46 అంటే 34వ పర్సంటైల్, 54 అంటే 66వ పర్సంటైల్. మీ చేతిలోని కాగితంలో ‘50వ పర్సంటైల్’ అని ఒంటి అంకె ఉంటుంది. దాని అర్థం ‘34కీ 66కీ మధ్య ఎక్కడో, అదీ మూడింట రెండుసార్లు’. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా అయితే దోషం ఇంకా పెరుగుతుంది: 4 × 1.41, సుమారు 5.7. ఒకరికి 48, ఇంకొకరికి 53 వస్తే ఇద్దరూ సమానమనే చదవాలి. మీ ఏజెన్సీ 60 దగ్గర గీత గీసి 59ని ఇంటికి పంపమంటోంది.

ఇంకా ఉంది. 50 అంటే ఎవరి సగటు? అమెరికా కాలేజీ విద్యార్థులదా, బెంగళూరు ఐటీ వాళ్లదా, మన డిప్లొమా పిల్లలదా? మామూలుగా రాసేవాళ్లకన్నా ఉద్యోగానికి రాసేవాళ్లకు పనిలో నిష్ఠ మార్కు ఎక్కువే వస్తుంది. ఉద్యోగానికి రాని జనం సగటుతో పోల్చితే మీ 140 మందిలో నూరుమందికి ‘సగటుకన్నా ఎక్కువ’ వచ్చినా వింత లేదు.

రేణిగుంట_గేటు | 6.50

అర్థమయింది. అయితే మా యూనిట్‌లోనే లెక్క కట్టి మా కటాఫ్ మేమే పెట్టుకుంటే?

స్కోర్‌షీట్ | 7.05

0.2 బలం ఉన్న లంకెను నూటికి 80 పాళ్ల భరోసాతో పట్టుకోవాలంటే సుమారు 194 మంది కావాలి. అదీ టెస్టు మార్కు పక్కన పెట్టి అందరినీ చేర్చుకొని, ఆరు నెలలో ఏడాదో ఆగి పని కొలిస్తే. మీరు తీసుకునేది 6 మందిని. 6 చుక్కల మీద ఏ గీతైనా గీయొచ్చు. మీ చోట సొంత కటాఫ్ మాట వదిలేయండి.

పీఓ_ప్రిపరేషన్ | 7.30

అభ్యర్థుల వైపు నుంచి ఒక మాట. ఇక్కడ కోచింగ్ సెంటర్లలో అన్నీ కలిపి ‘సైకో టెస్ట్’ అనేస్తున్నారు. వేర్వేరు అవి.

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ) ఉద్యోగానికి కంప్యూటర్ మీద పెట్టే సీబీఏటీ పర్సనాలిటీ టెస్టు కాదు, సామర్థ్య పరీక్ష. సరైన జవాబు ఉంటుంది. ప్రతి భాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు రావాలి. ఒక భాగంలో 41 వచ్చినా అంతే సంగతులు. ఎస్‌బీఐ పీఓ మూడో దశలో సైకోమెట్రిక్ టెస్టు వేరు. అది మనిషి తీరు చూపే రిపోర్టు, ఇంటర్వ్యూ బోర్డు ముందు పెట్టొచ్చు. ఆ దశలో మార్కులన్నీ గ్రూప్ ఎక్సర్‌సైజు, ఇంటర్వ్యూలవే. సైన్యంలో అధికారుల్ని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీలో ఇంకో దారి: 15 సెకన్లకు ఒక మాట చొప్పున 60 మాటలు, 30 నిమిషాల్లో 60 సందర్భాలు, ఒక ఖాళీ కార్డుతో కలిపి 12 బొమ్మల కథలు. దాన్ని చదివేది శిక్షణ పొందిన మనస్తత్వవేత్త. పక్కన ఇంటర్వ్యూ అధికారీ, మైదానంలో చూసే అధికారీ విడిగా చూస్తారు. ఐదు రోజుల తతంగాన్ని 20 నిమిషాల లింకుతో పోల్చకూడదు.

నా ప్రశ్న: పిల్లలకు ‘అన్నిటికీ 5 కొట్టు’ అని యూట్యూబ్‌లో చెబుతున్నారు. నిజంగా పనిచేస్తుందా?

చిలకపంజరం | 7.41

పరీక్ష రాసేవాడు కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి రాయడం లేదు కదా. ఉద్యోగం కావాలి, మంచి మాట రాస్తాడు.

స్కోర్‌షీట్ | 8.10

కొంతవరకు పనిచేస్తుంది, అది దాచేది కాదు. ‘మంచి ఉద్యోగిలా కనపడేట్టు రాయండి’ అని చెప్పి చేయించిన ప్రయోగాల్లో మార్కులు పెరిగాయి. కానీ అన్నిటికీ 5 కొట్టడం తెలివితక్కువ. తలకిందుల ప్రశ్నల్లో దొరికిపోతారు. ‘జీవితంలో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు’ లాంటి వాక్యాలు కొన్ని కలిపి ఉంటాయి, వాటికి 5 కొడితే అతిమంచితనం స్కేలు పైకి లేస్తుంది. అట్లని ఆ స్కేలు ఎక్కువొచ్చినవాణ్ణి అబద్ధాలకోరు అనకూడదు. భక్తిగా, నియమంగా బతికేవాడికీ అది ఎక్కువే వస్తుంది. తిరుపతిలో అట్లాంటి జవాబులు నిజమయ్యే మనుషులు కొందరైనా ఉంటారు.

గబగబా కొట్టేవాళ్లను పట్టడం సులభం. ప్రశ్నకు సగటున 2 సెకన్లకన్నా తక్కువ పడితే చదవనట్టే. 120 ప్రశ్నలు 4 నిమిషాల లోపు ముగిస్తే ఆ పేపరు పక్కన పెట్టి మళ్లీ రాయించాలి, ఫెయిల్ చేయకూడదు. ఫోన్‌లో సిగ్నల్ పోయి కంగారులో కొట్టినవాళ్లూ ఉంటారు.

నాలుగు వాక్యాలిచ్చి ‘మీకు బాగా సరిపోయేది ఒకటి, అస్సలు సరిపోనిది ఒకటి’ ఎంచుకోమనే పద్ధతిలో నటన కాస్త తగ్గుతుంది. మనిషి తీరును నాలుగు గుణాలుగా చూపే డిస్క్ టెస్టులు చాలా ఇట్లాంటివే. దాంట్లో వేరే గోతి ఉంది. ఇడ్లీ, దోసె, పొంగల్, వడల్లో నాకు పొంగల్ ఎక్కువ ఇష్టం అని రాశాననుకోండి. నాకు ఆకలెంతో దాంట్లో తెలియదు. మీకన్నా నాకు పొంగల్ ఎక్కువ ఇష్టమో కాదో కూడా తెలియదు. అట్లనే పాత పద్ధతిలో స్కోరు చేసిన డిస్క్ రిపోర్టు ఒక మనిషి లోపలి వరస చెబుతుంది, ఇద్దరు మనుషుల్ని పోల్చదు. ఎంపిక అంటేనే పోల్చడం. కొత్త గణిత పద్ధతులతో స్కోరు చేసినవి ఉన్నాయి, వాటికి ఈ దోషం తక్కువ. ‘మీ స్కోరింగ్ ఏ పద్ధతి’ అని అడిగితే అమ్మే మనిషి ముఖంలోనే జవాబు కనిపిస్తుంది.

నోటరీ_నీడ | 8.45

చట్టం వైపు రెండు ముక్కలు.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు పెట్టారు. ఇప్పుడే అలవాటు చేసుకోవడం మేలు. ఏ డేటా తీసుకుంటున్నారు, ఎందుకు, ఇచ్చిన సమ్మతిని ఎట్లా వెనక్కి తీసుకోవచ్చు అనే నోటీసు ఇవ్వాలి. దాన్ని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలు అభ్యర్థికి ఉండాలి. తెలుగు అందులో ఉంది. డేటా భద్రతలో తప్పు జరిగితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. కాబట్టి ఏజెన్సీ ఒప్పందంలో ఎంపిక కాని 134 మంది జవాబులు ఎన్ని రోజుల్లో చెరిపేస్తారో అంకెతో రాయించండి. ‘పరిశోధన కోసం వాడుకుంటాం’ అన్న లైను సాధారణంగా చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి కొట్టేయించండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. చూపు తక్కువున్న అభ్యర్థికి స్క్రీన్ రీడర్‌తో ఆ లింకు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ‘నిద్ర పడుతుందా, దిగులుగా ఉంటుందా, మందులు వాడుతున్నారా’ లాంటివి ఉంటే ఆ భాగం తీసేయమనండి.

వీడియోలో ముఖం చూసి గుణాలు చెబుతామనే సాఫ్ట్‌వేర్లు కూడా తిరుగుతున్నాయి. ఉద్యోగ స్థలంలో ముఖకవళికల నుంచి భావాలు ఊహించే ఏఐని, వైద్య–భద్రతా కారణాలు తప్ప, యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మన దగ్గర ఆ నిషేధం లేదు. లేదు కదా అని తెచ్చుకోవాల్సిన సరుకూ కాదది.

రేణిగుంట_గేటు | మంగళవారం ఉదయం 9.15

దండిగా చెప్పినారు. అట్లయితే 140 మందిని ఏ వరసలో వడగట్టాల? ఇంటర్వ్యూ ప్రశ్న ఒకటి నమూనాగా రాసిస్తే పుణ్యముంటుంది.

లైన్_బ్యాలెన్స్ | 10.30

అసెంబ్లీ లైన్ పని కాబట్టి నేను రాస్తా.

అర్హత, షిఫ్టుకు ఒప్పుకోలు, ప్రయాణ దూరం చూస్తే 140లో 90 దాకా మిగులుతారు. వాళ్లకు 40 నిమిషాల పని నమూనా పెట్టండి. ఒక షిఫ్టు గంటవారీ ఉత్పత్తి షీటు ఇవ్వండి. అందులో మూడు తప్పులు దాచాలి: ఒక గంటలో కూడిక తప్పు, ఒక చోట రిజెక్ట్ సంఖ్య ఉత్పత్తికన్నా ఎక్కువ, ఒక స్టేషన్ 25 నిమిషాలు ఆగినా కారణం గడి ఖాళీ. తప్పులు పట్టాలి, తర్వాతి షిఫ్టుకు పది లైన్లలో అప్పగింత నోటు రాయాలి. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా మార్కులు ఒకటే. దిద్దే మనిషికి పేర్లు కనపడకూడదు. ఎక్కువ మార్కులొచ్చిన 24 మందిని ఇంటర్వ్యూకి పిలవండి. ఒక్కొక్కరికి 35 నిమిషాలు, మొత్తం 14 గంటలు, రెండు రోజుల పని.

ప్రశ్నలు ఆరు చాలు, అందరికీ అవే, అదే వరస. నమూనా ఒకటి:

‘రాత్రి షిఫ్టు, 2.10. టార్గెట్‌కు ఇంకా 60 బోర్డులు తక్కువ. ఒక ఆపరేటర్ చేతికి రిస్ట్ స్ట్రాప్ లేకుండా బోర్డులు పట్టుకుంటున్నాడు. ఆయన మీకన్నా పదేళ్లు పెద్ద, మీ ఊరివాడే. ఏం చేస్తారు?’

1 మార్కు: షిఫ్టు అయ్యాక చెబుతా, లేదా చూసీచూడనట్టు పోతా. 3 మార్కులు: పని ఆపించి స్ట్రాప్ పెట్టించి మళ్లీ మొదలెట్టిస్తా. 5 మార్కులు: పని ఆపించి, స్ట్రాప్ పెట్టించి టెస్టర్ మీద చూసి, కిందటిసారి సరిచూసినప్పటి నుంచి ఆయన ముట్టుకున్న బోర్డులు వేరుచేసి ట్యాగ్ కట్టి, క్వాలిటీకి చెప్పి, రిజిస్టర్‌లో రాస్తా, ఆయనతో పక్కకు పిలిచి మాట్లాడతా. ఆ స్ట్రాప్ ఉండేది ఒంట్లోని స్టాటిక్ కరెంటు బోర్డుకు తగలకుండా. 5 ఎందుకంటే స్టాటిక్ దెబ్బ తగిలిన భాగం ఆ రోజు టెస్టింగ్‌లో పాసయి, కస్టమర్ దగ్గర చావొచ్చు. స్ట్రాప్ పెట్టించడంతో జరిగిన నష్టం పోదు. 2, 4 మార్కులు మధ్య జవాబులకు.

ఇద్దరు కూర్చోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి షీటులో వాళ్లు మార్కు వేసేయాలి. 2 మార్కులకన్నా ఎక్కువ తేడా వస్తేనే చర్చ. ‘ఏ ఊరు, ఎవరి తాలూకు’ అన్న పలకరింపు ఇంటర్వ్యూ ముగిశాక కూడా వద్దు.

స్కోర్‌షీట్ | 11.00

పర్సనాలిటీ టెస్టుకు చోటు ఇక్కడ: ఆ 24 మందికి, ఇంటర్వ్యూకు ముందు రోజు. బరువు నూటికి 10 దాటొద్దు, కటాఫ్ లేదు. లేదా మార్కే కలపకుండా ప్రశ్నల కోసమే వాడండి. అయితే ఒక జాగ్రత్త. పనిలో నిష్ఠ తక్కువొచ్చిందని ఒకరినే అదనంగా గుచ్చితే అందరికీ ఒకే ప్రశ్నలు అన్న నియమం చెడుతుంది. అందుకని ‘వరసగా మూడు పనులు మీద పడ్డప్పుడు దేన్ని ముందు చేశారు, ఏది జారింది’ అన్న ప్రశ్న అందరినీ అడగండి. రిపోర్టు కవరు ఇంటర్వ్యూ మార్కులు వేసేదాకా తెరవొద్దు. ముందే చదివితే కళ్లు అదే వెతుక్కుంటాయి.

మేనేజరు గారికి ఏదో ఒక టెస్టు కావాలంటే, ఐపీఐపీ అని ప్రశ్నలు 3 వేలకు పైగా ఉచితంగా అందరికీ తెరిచి ఉన్నాయి. వాటి నుంచే చేసిన 120 ప్రశ్నల బిగ్ ఫైవ్ రూపం ఉంది. ఉచితం కాబట్టి అభ్యర్థులకూ దొరుకుతుంది. పైన మాటకు_మాట గారు చెప్పిన తెలుగు పని చేయకుండా పెట్టొద్దు.

మాటకు_మాట | 11.20

తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే తెర మీద పైనా కిందా ఇవ్వొచ్చు. కానీ సగం మంది తెలుగులో, సగం మంది ఇంగ్లిష్‌లో రాస్తే రెండు గుంపుల మార్కులు ఒకే వరసలో పెట్టకూడదు.

నోటరీ_నీడ | 11.45

ఆఖరి మెట్టు ఎవరూ చేయరు, పది నిమిషాల పని. ప్రతి దశలోనూ ఆడపిల్లలు ఎందరు దాటారు, మగపిల్లలు ఎందరు దాటారు లెక్కేయండి. ఉదాహరణకు, ఒక దశలో 90 మగపిల్లల్లో 36 మంది దాటితే 40 శాతం. 50 ఆడపిల్లల్లో 14 మంది దాటితే 28 శాతం. 28ని 40తో భాగిస్తే 0.70. అమెరికాలో 1978 మార్గదర్శకాల నాటి నుంచి వాడే ఐదింట నాలుగు కొలబద్ద ప్రకారం 0.80కి తక్కువైతే ఆ దశను మళ్లీ చూడాలి. మన చట్టంలో ఆ అంకె లేదు, కానీ ఎక్కడ వడపోత ఒకవైపు వాలిందో చూపడానికి పనికొస్తుంది. సంఖ్యలు చిన్నవైతే ఒకరిద్దరితోనే తారుమారవుతుంది, అది చూసుకొని చదవండి.

తోతాపురి | మధ్యాహ్నం 12.10

రాత్రి షిఫ్టుకు ఆడపిల్లలు ఒప్పుకోలేదని మొదటి దశలోనే తీసేస్తే ఈ లెక్కలో పడదు. బస్సు పెడతామని ప్రకటనలో రాసినాక ఒప్పుకోలు అడగండి.

రేణిగుంట_గేటు | 12.40

ఏజెన్సీకి ఫోన్ చేసినా. విశ్వసనీయత ఎంత, సగటు ఎవరిది, తెలుగు రూపం ఎవరి మీద సరిచూసినారు అని మూడే అడిగినా. ‘టెక్నికల్ టీమ్‌తో మాట్లాడి మెయిల్ చేస్తాం సార్’ అన్నారు. మెయిల్ వచ్చేదాకా గంటవారీ షీటులో తప్పులు దాచే పనిలో ఉంటా. లైన్_బ్యాలెన్స్ అన్నా, ఆ 25 నిమిషాల ఆగుడు ఏ స్టేషన్‌లో పెడితే బాగుంటుంది?

లైన్_బ్యాలెన్స్ | 12.58

బోర్డు మీద టంకం కరిగించే రీఫ్లో ఓవెన్ దగ్గర పెట్టు. అది ఆగితే దానికి ముందుండే స్టేషన్లలో బోర్డులు పేరుకుంటాయి, దాని తర్వాతి స్టేషన్లు ఖాళీగా ఉంటాయి. పక్క గడుల్లో అంకెలు కూడా ఆ మాదిరే మార్చు, లేకుంటే తెలివైనోడు నీ షీటులో నాలుగో తప్పు పడతాడు.